విప్పి బిగించగలిగిన కారు

ఇంగ్లండులో ఒక అలవాటు ఉంది. మామూలు ఉద్యోగం చేసుకొనే మనిషి, ఇంజనీరింగు చదవనివాడు, పాడుబడిన స్పోర్ట్సు కారునొకదాన్ని చవకగా కొని ఇంటి పక్క షెడ్డులోకి తోయించుకొంటాడు. సాయంత్రాలు, శని ఆదివారాలు ఆ షెడ్డులోనే గడుపుతాడు. బండిని చివరి బోల్టు వరకు విప్పుతాడు. తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు అతుకుతాడు. రంగు వేసి, తిరిగి బిగించి, ఎండ కాసిన ఒక ఆదివారం నాడు భార్యను పక్కన కూర్చోబెట్టుకొని రోడ్డెక్కుతాడు. దీనికి రెండేళ్లు పట్టవచ్చు, పదేళ్లు పట్టవచ్చు. పెట్టిన ఖర్చు మాత్రం బండి అమ్మితే తిరిగి రావడం అరుదు.

ఈ అలవాటుకు బాగా చిక్కిన బళ్లలో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఒకటి. కవెంట్రీ నగరంలో 1962 నుంచి 1980 దాకా తయారైన, పైకప్పు మడిచిపెట్టుకొనే రెండు సీట్ల బండి అది. మొత్తం మూడు లక్షల పద్నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. మన దేశంలో అది తయారు కాలేదు గాని, దాని అన్నగారు మాత్రం మన ఊళ్లలో బాగానే తిరిగారు. మన సంఘ సభ్యులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, స్టాండర్డ్ హెరాల్డ్. అంబాసిడరు, ఫియట్టు, హెరాల్డు అని మూడు పేర్లే కార్లకు ఉన్న రోజులవి. హెరాల్డు బానెట్ మిగతా రెండింటి వలె కాక, మడ్‌గార్డులతో, దీపాలతో సహా మొత్తం ముందుకు ఒరిగి లేచేది. మెకానిక్ ముందు టైరు మీద కూర్చొని, ఇంజనుకు ఎదురుగా, అరుగు మీద కూర్చున్నంత సుఖంగా పని చేసుకొనేవాడు.

ఆ సుఖం ముందుచూపుతో ఇచ్చినది కాదు. ఆ బండిని ముక్కలు ముక్కలుగా విప్పి బిగించగలిగేట్టు తయారు చేయడానికి కారణం కంపెనీకి వేరే గతి లేకపోవడం. ఆ గతిలేనితనం నుంచే మద్రాసు హెరాల్డూ వచ్చింది, స్పిట్‌ఫైరూ వచ్చింది, చివరకు ఇంటి షెడ్డులో సామాన్యుడు స్పోర్ట్సు కారును బాగు చేసుకొనే వీలూ వచ్చింది. ఆ వరుసనే ఇక్కడ చెప్పదలిచాను.

స్టాండర్డ్ మోటారు కంపెనీని రెజినాల్డ్ మాడ్స్‌లే అనే ఆయన 1903లో కవెంట్రీలో స్థాపించాడు. 1944లో ఆ కంపెనీ, దివాలా తీసిన ట్రయంఫ్ కంపెనీని కొన్నది. ఇంజన్లు, గేరుబాక్సులు, ఛాసిస్‌లు తాము చేసుకొనేవారు గాని, కారు పైభాగం, అనగా రేకు బాడీ, బయటి కంపెనీల నుంచి కొనేవారు. ముఖ్యంగా బర్మింగ్‌హాంలోని ఫిషర్ అండ్ లడ్లో కంపెనీ వారికి బాడీలు పోసి ఇచ్చేది. 1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బి.ఎం.సి. అనే పెద్ద సంస్థగా ఏర్పడినాయి. మరుసటి ఏడు 1953లో బి.ఎం.సి. వారు ఆ ఫిషర్ అండ్ లడ్లోనే కొనేశారు. మన వీధిలో పోటీ కొట్టువాడు మనకు సరుకు పోసే మిల్లును కొన్నట్లయింది. పాత మోడలుకు ఏదో సర్దారు గాని, 1950ల చివర కొత్త చిన్నకారు తలపెట్టేసరికి స్టాండర్డుకు బాడీ చేసిపెట్టేవారు కరువయ్యారు.

ఆనాటికి కార్ల తయారీ పద్ధతి మారిపోయింది. పూర్వం బండికి కింద ఇనుప ఛాసిస్ ఉండేది, దాని మీద బాడీ కూర్చొనేది. లారీలకు ఇప్పటికీ అంతే. 1950లలో చిన్నకార్లకు ఛాసిస్ తీసేసి, రేకుబాడీనే పెట్టె మాదిరిగా గట్టిగా అతికి, దానికే ఇంజను, చక్రాలు తగిలించడం మొదలైంది. మన అంబాసిడరు, ఫియట్టు ఆ జాతివే. బరువు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది. కాని అలాంటి బాడీ చేయడానికి ఒకేచోట పెద్ద ప్రెస్సులు, వెల్డింగు సరంజామా కావాలి. స్టాండర్డు వారికి అది లేదు. వారికి అందుబాటులో ఉన్నవి చిన్న చిన్న కర్మాగారాలు, ఒకటి బర్మింగ్‌హాంలో, ఒకటి లివర్‌పూల్‌లో, అలా.

ముఖ్య ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ అప్పుడు వెనక్కు ఒక అడుగు వేశాడు. అందరూ వదిలేసిన ఛాసిస్‌నే మళ్లీ తెచ్చాడు. బాడీని ముక్కలుగా విడదీశాడు. ముందు బానెట్ ఒక ముక్క, డాష్‌బోర్డు ఉండే అడ్డగోడ ఒక ముక్క, వెనక తొట్టి ఒక ముక్క, పైకప్పు ఒక ముక్క. ఏ ముక్క ఎక్కడ తయారైనా సరే, కవెంట్రీకి తెచ్చి బోల్టులతో ఛాసిస్ మీద బిగిస్తే కారు అవుతుంది. ఇటలీలోని ట్యూరిన్ నగరపు జొవాన్నీ మికెలోట్టి దానికి రూపం గీసి ఇచ్చాడు. 1959 ఏప్రిల్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ విడుదలైంది. 948 సి.సి. ఇంజను, 35 లోపు అశ్వశక్తి. స్టీరింగు పూర్తిగా తిప్పితే 25 అడుగుల వ్యాసంలో బండి తిరిగిపోయేది. మన సందుల్లో ఈ గుణానికి ఎంత విలువో చెప్పనక్కరలేదు.

లోపాలూ ఉన్నాయి. ముక్కల మధ్య అతుకులు సరిగా కుదరక మొదటి బళ్లలో వాన నీరు లోపలికి కారేదట. వెనక చక్రాలు ఒక్కొక్కటి విడిగా ఊగే ఏర్పాటు చేశారు. అడ్డంగా ఒకే కమాను కట్ట, దాని రెండు కొసలకు రెండు చక్రాలు. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే బండి వెనకభాగం పైకి లేచి, చక్రం లోపలికి మడుచుకొనేది. నెమ్మదిగా నడిపేవారికి దీనితో పేచీ లేదు.

ముక్కలుగా తయారైన బండికి ఒక సదుపాయం ఉంది. పెట్టెల్లో సర్ది ఓడ ఎక్కించవచ్చు. పెద్ద ప్రెస్సులు లేని దేశంలో కూడా బిగించుకోవచ్చు. ఇక్కడే మన కథ కలుస్తుంది. మద్రాసులో 1948లో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే కంపెనీ ఏర్పడింది. ఇంగ్లండు స్టాండర్డు వారితో సంబంధం పెట్టుకొని వాన్‌గార్డ్, తర్వాత స్టాండర్డ్ ఎయిట్, టెన్ కార్లు చేసేది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చింది. ఊరికే విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మడం కుదరదు, దేశంలోనే క్రమంగా తయారీ పెంచే ప్రణాళిక ఉన్నవారే ఉండాలి అన్నది దాని సారం. 1954లో ఫోర్డు, జనరల్ మోటార్స్ మూట కట్టుకొని వెళ్లిపోయాయి. మద్రాసు స్టాండర్డు ఉండిపోయింది. 1961 నుంచి ఇక్కడ హెరాల్డు మొదలైంది. ఏటేటా ఒక్కో భాగం దేశీయం చేసుకొంటూ పోయారు. బోల్టులతో బిగించే బండి కావడం ఈ పనికి బాగా అనుకూలించింది.

ఇంగ్లండులో హెరాల్డు సెడానుకు రెండే తలుపులు. వెనక కూర్చొనేవారు ముందు సీటు వంచి దూరాలి. పెద్దవాళ్లను, పట్టుచీరల ఆడవారిని అలా దూర్చడం మన దేశంలో ఎలా కుదురుతుంది? 1960ల చివరకు మద్రాసు వారు నాలుగు తలుపుల హెరాల్డు సొంతంగా చేశారు. 1972లో గెజెల్ పేరుతో ఇంకో రూపం వచ్చింది. మన మెకానిక్కులకు, కొనేవారికి ఆ ఊగే వెనక చక్రాలు నచ్చలేదు గనుక, గెజెల్‌లో వాటిని తీసేసి లారీకి ఉన్నట్లు ఒకే తిన్నని యాక్సిల్ పెట్టారు. 1977తో గెజెల్ ఆగింది. ఆ తర్వాత 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000 అనే ఖరీదైన కారు కొద్ది ఏళ్లే నిలిచింది. దానితో మద్రాసు స్టాండర్డు కార్ల అధ్యాయం ముగిసింది.

తిరిగి కవెంట్రీకి వద్దాం. హెరాల్డు ఛాసిస్‌ను కాస్త పొట్టి చేసి, మీద రెండు సీట్ల బాడీ పెడితే చవకైన స్పోర్ట్సు కారు అవుతుందని వెబ్‌స్టర్‌కు తట్టింది. మికెలోట్టి గీశాడు. 1960లో నమూనా బండి తయారై కవెంట్రీ చేరింది. కాని అప్పటికే కంపెనీ నష్టాల్లో పడింది, కొత్త మోడలుకు డబ్బు లేదు. ఆ నమూనాను ఒక మూల పెట్టి మీద దుప్పటి కప్పారు. 1961లో లేలండ్ కంపెనీ స్టాండర్డ్ ట్రయంఫ్‌ను కొన్నది. మన ఆర్టీసీ బస్సుల ముందు అశోక్‌తో కలిపి కనిపించే పేరు ఆ లేలండ్‌దే. కొత్త యజమానులు ఫ్యాక్టరీ కలయజూస్తుండగా మూలనున్న దుప్పటి కంటబడింది. ఎత్తి చూశారు, నచ్చింది, తయారు చేయమన్నారు. పెండింగు కట్టలో అడుగున పడిన ఫైలు కొత్త ఆఫీసరు వచ్చాక పైకి రావడం మనకు తెలియని విషయం కాదు గదా!

1962 అక్టోబరులో లండన్ మోటారు ప్రదర్శనలో స్పిట్‌ఫైర్ బయటికి వచ్చింది. యుద్ధకాలపు విమానం పేరే పెట్టారు. 1147 సి.సి. ఇంజను, 63 అశ్వశక్తి, బరువు 700 కిలోల పైచిలుకు. 1965లో ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందెంలో తన తరగతిలో మొదటి, రెండవ స్థానాలు తెచ్చుకొన్నది. 1967లో ఇంజను 1296 సి.సి. అయింది. 1970లో వెనక కమాను అమరిక మార్చి, చక్రం మడుచుకొనే జబ్బును చాలావరకు కుదిర్చారు. చివరి మోడలు 1500. ఈలోగా 1968లో లేలండ్, బి.ఎం.సి. వర్గం కలిసి బ్రిటిష్ లేలండ్ అయ్యాయి. బాడీలు దొరకకుండా చేసిన సంస్థ, దొరకక ముక్కలతో కారు చేసుకొన్న సంస్థ ఒకే గొడుగు కిందికి చేరాయన్నమాట. 1975లో ప్రభుత్వం ఆ గొడుగును స్వాధీనం చేసుకొన్నది. 1980 ఆగస్టులో స్పిట్‌ఫైర్, అదే అక్టోబరులో దాని ప్రత్యర్థి ఎం.జి.బి. ఆగిపోయాయి.

ఇంగ్లండులో కారుకు పెద్ద శత్రువు తుప్పు. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు రేకు మడతల్లో చేరి లోపల్నుంచి తింటుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోనికి పోతుంది. 1960లో అక్కడ పాత కార్లకు ఏటేటా పరీక్ష తప్పనిసరి చేశారు. పరీక్షలో తప్పిన బండికి బాగుచేత ఖర్చు దాని విలువను మించితే తుక్కుకు పోయేది. ఛాసిస్ లేని కార్లలో బాడీ తుప్పు పడితే బండి ప్రాణం పోయినట్లే. స్పిట్‌ఫైర్‌లో మాత్రం బాడీ చెడినా కింద మందపు ఇనుప ఛాసిస్ చాలా సందర్భాలలో గట్టిగానే ఉండేది. అదే ఇంటి షెడ్డువాడికి దారి చూపింది.

పని ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఈ బండి కథలో అసలు రుచి అక్కడే ఉంది. ముందుగా బానెట్ తీసేస్తారు. కీలు బోల్టులు, దీపాల తీగలు విప్పితే ఇద్దరు మనుషులు ఎత్తి గోడకు ఆనించవచ్చు. అంతటితో సగం బండి కళ్లెదుట పరచినట్లుంటుంది. విప్పిన ప్రతి బోల్టునూ డబ్బాలో వేసి, చీటీ అంటించి, ఎక్కడిదో రాసుకోవాలి. మన వాళ్లలో స్టోర్సు సెక్షనులో పని చేసినవారికి ఈ పని అప్పగిస్తే లోటు రాదు. బోల్టులన్నీ అంగుళాల లెక్కవి. 7/16, 1/2, 9/16 పానాలు కావాలి. మిల్లీమీటర్ల పానా పెట్టి బలవంతం చేస్తే తల అరిగి గుండ్రమైపోతుంది. మన హెరాల్డు బోల్టులదీ అదే కొలత.

తర్వాత వచ్చేది సిల్. తలుపుల కింద ఇరువైపులా గడప మాదిరిగా ఉండే రేకు పెట్టెను సిల్ అంటారు. హెరాల్డులో బరువంతా ఛాసిస్ మోస్తుంది, దాని పక్క చేతులు బాడీ అంచుల దాకా వస్తాయి. స్పిట్‌ఫైర్‌ను కిందికి దించడానికి ఆ పక్క చేతులు కోసేసి, ఆ బలాన్ని సిల్స్‌కు అప్పగించారు. కాబట్టి స్పిట్‌ఫైర్‌కు సిల్ అలంకారం కాదు, నడుము ఎముక. అది తుప్పు పడితే బండి నడుము వంగి, తలుపు మూసినప్పుడు వెనక సందు పైన సన్నగా, కింద వెడల్పుగా కనబడుతుంది. దీన్ని మార్చేటప్పుడు తొందరపాటు పనికిరాదు. తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డు చేసి, బాడీ కదలకుండా కట్టుదిట్టం చేసుకోవాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. అదీ బాడీ ఛాసిస్ మీద బిగించి ఉండగానే చేయాలి. ముందే ఛాసిస్ మీంచి ఎత్తేసి సిల్స్ కోస్తే, బాడీ అరటి దొప్పలాగా మెలికపడుతుంది. తర్వాత ఎన్ని కొత్త తలుపులు తెచ్చినా మూసుకోవు. ఈ పని క్రమం తెలిసినవాడు సగం గెలిచినట్లే.

సిల్స్ గట్టిపడ్డాక బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు విప్పి, ఇరుగుపొరుగు నలుగురైదుగురిని పిలిస్తే చేతులతో ఎత్తవచ్చు. క్రేను అక్కరలేదు. ఇల్లు మారేటప్పుడు బీరువా ఎత్తినట్లే. మిగిలిన ఛాసిస్‌ను ఇసుకతో చిమ్మించి, తుప్పు పోగొట్టి, నల్లరంగు వేస్తారు. ఇంజను, గేరుబాక్సు విడిగా చూసుకోవచ్చు. ఈ ఇంజన్లకు ఒక పరీక్ష ఉంది. ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతుంటే ఇంకొకరు ముందు పుల్లీని గమనించాలి. అది కళ్లకు కనిపించేలా ముందుకూ వెనక్కూ జరిగితే, క్రాంకు షాఫ్టుకు ఇరువైపులా ఉండే అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు అరిగినట్లు. ఉపేక్షిస్తే అవి ఊడి నూనె తొట్టిలో పడతాయి, ఆపైన ఇంజను బ్లాకుకే ముప్పు.

ఇంత పని ఇంటి దగ్గర చేయాలంటే సామాను దొరకాలి. 1980 తర్వాత కంపెనీ చేతులెత్తేసింది. ఆ ఖాళీని నింపినవారు యజమానులే. 1977లోనే ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ అని ఒకటి ఏర్పడింది. హెరాల్డు, స్పిట్‌ఫైర్, వాటి బంధువర్గపు బళ్లు దాని పరిధి. సభ్యులు తమకు తెలిసిన కిటుకులు పత్రికలో రాసుకొనేవారు. ఎవరో మూసేసిన డీలరు గోదాములో మిగిలిన సరుకు ఉందంటే కబురు చేరేది. గిరాకీ చూసి పాత ట్రయంఫ్ విడిభాగాల వ్యాపారులు వెలిశారు. లింకన్ నగరంలో 1982లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన రిమ్మర్ బ్రదర్స్ అలాంటిది. ఎం.జి.బి. వారి అదృష్టం ఇంకా పెద్దది. పాత డైలు పారేయకుండా కొన్ని మిగలడంతో, వాటితోనే 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పూర్తి కొత్త బాడీలు మళ్లీ పోయించి అమ్మింది. ఆగిపోయిన ఎనిమిదేళ్లకు కొత్త బాడీ! పాత ఇనుప సామాను గోదాములో చోటు దండగ అని ఏ అధికారీ తుక్కు వేలం వేయకపోవడం వలన జరిగిన మేలు అది.

ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్ల మధ్య గడిపినవాడిని గనుక నన్ను ఎక్కువ ఆకట్టుకొన్నది ఇంకొకటి. ప్రతి ట్రయంఫ్ బండికి కమిషన్ నంబరు అని ఒకటి ఉంటుంది, చిన్న పలక మీద. స్పిట్‌ఫైర్‌లో మొదటి రెండు రకాలకు ఎఫ్.సి., మూడవ దానికి ఎఫ్.డి., ఆ తర్వాతి వాటికి ఎఫ్.హెచ్. అని మొదలవుతుంది. అదే పలక మీద రంగు అంకె ఉంటుంది, 19 అంటే తెలుపు, 32 అంటే సిగ్నల్ ఎరుపు. ఫ్యాక్టరీలో ఏ నంబరు బండి ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజను నంబరు, ఎక్కడికి పంపారు అని రాసిన రికార్డులు మిగిలాయి. గేడన్ అనే ఊరిలో 1993లో మొదలైన మ్యూజియం వారు, రుసుము కడితే, ఆ రికార్డుల నుంచి నకలు తీసి సర్టిఫికెట్టు ఇస్తారు. నాలుగు రంగులు మారి, చివరకు లప్పం పూసి నీలం కొట్టిన బండి, పుట్టినప్పుడు తెల్లనిదని దాని సర్వీసు రిజిస్టరే చెబుతుంది. ఆ లెడ్జర్లలో ఎంట్రీలు వేసిన గుమాస్తాల పేర్లు ఎవరికీ తెలియవు.

ఇక చిక్కు ప్రశ్న. సిల్స్ కొత్తవి, అడుగు రేకు కొత్తది, బానెట్ ఇంకో బండిది, ఇంజను మారింది. ఇప్పుడది పాత బండేనా? 1990లో లండన్ హైకోర్టు ముందుకు ఇలాంటి వ్యాజ్యమే వచ్చింది, చాలా పెద్ద స్థాయిలో. లెమాన్ పందేన్ని 1929, 1930లలో వరుసగా గెలిచిన బెంట్లీ కారు ఒకటి, 'ఓల్డ్ నంబర్ వన్' అని దాని పేరు. తర్వాత దానికి ఇంజను మారింది, ఛాసిస్ మారింది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో ఘోర ప్రమాదమూ జరిగింది. ఆపైన కొత్త బాడీ కట్టారు. కోటి పౌండ్ల విలువకు బేరం కుదిరాక, ఇది అసలుది కాదు పొమ్మని కొన్నవారు వెనక్కు తగ్గారు. జస్టిస్ ఆటన్ భాగాల లెక్క విన్నారు. పందెం గెలిచిన నాటి ఇనుము చాలా తక్కువే మిగిలిందని తేలింది. అయినా ఆ బండి ఏనాడూ అదృశ్యం కాలేదు, ఒక దశ నుంచి మరొక దశకు తెగకుండా సాగుతూ వచ్చింది, ఆ పేరు చెప్పుకోగల మరో బండి లేదు, కనుక ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు అమ్మినవారి పక్షాన ఇచ్చారు. ఫైలు అట్ట మారినా, కాగితాలు కొన్ని చిరిగి తిరగరాసినా, నంబరు తెగకుండా నడిస్తే అదే ఫైలు. నాకు ఆ తీర్పు న్యాయంగానే తోస్తుంది.

ఇంగ్లండు రిజిస్ట్రేషను శాఖ చాలా ఏళ్ల పాటు బాగా మార్పులు చేసిన బళ్లకు మార్కుల పద్ధతి వాడింది. ఛాసిస్ పాతదైనా, అదే కొలతల కొత్తదైనా 5 మార్కులు. సస్పెన్షను, యాక్సిళ్లు, గేరుబాక్సు, స్టీరింగు ఒక్కొక్కదానికి 2. ఇంజనుకు ఒకే ఒక్కటి. 8 వస్తే పాత నంబరు నిలుస్తుంది. ఇంజనుకు ఒక్క మార్కే అంటే మన వాళ్లకు వింతగా ఉంటుంది. కాని ఇంజను అరిగే వస్తువు, మారడం దాని నైజం.

మన దేశంలో 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో పాతకాలపు బళ్ల కోసం ప్రత్యేక నిబంధన చేర్చారు. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు వింటేజ్ బళ్లుగా గుర్తింపు పొందవచ్చు. ఫారం 20లో దరఖాస్తు, కొత్తగా రిజిస్టరు చేస్తే 20,000 రూపాయలు, తిరిగి రిజిస్టరు చేస్తే 5,000. అరవై రోజులలో ఫారం 23ఎ ఇవ్వాలి. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వి.ఎ. అని వస్తుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప నిత్యం రోడ్డు మీద తిప్పరాదు. అంతవరకు బాగానే ఉంది. కాని బండి అసలు రూపంలోనే ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పుతో కూడిన పెద్ద మరమ్మతు జరిగి ఉండరాదని షరతు పెట్టారు. విడిభాగాలు దొరకని కాలంలో ఇంకో కంపెనీ ఇంజను దించి బండిని బతికించుకొన్న హెరాల్డు యజమాని ఏం చేయాలి? తుక్కుకు పంపకుండా కాపాడినందుకు అనర్హుడవుతాడా? ఇంగ్లండు వారి మార్కుల వంటిది మన నియమంలోనూ చేరితే, నిజంగా బండిని నిలబెట్టినవాడికి కొంత వెసులుబాటు దొరికేది. నియమం ఉద్దేశం మంచిదే. దాని మాటల్లో సడలింపు కావాలి.

1977లో రోడ్డెక్కిన చివరి గెజెళ్లకు 2027లో యాభై నిండుతాయి. మన సభ్యుల ఇళ్లలో గాని, బంధువుల పెరటి షెడ్డులో గాని హెరాల్డు, గెజెల్ ఉంటే, ముందుగా ఛాసిస్ మీది నంబరు, ఆర్.సి.లోని నంబరు సరిపోతున్నాయో లేదో చూసి, ఆ పలకను ఫోటో తీసి పెట్టుకోవాలి. పలక ఊడి పోతే మళ్లీ రుజువు చేయడం కష్టం.

బండి కదిలే స్థితిలో ఉంటే ఇంకొక మాట. హెరాల్డుకూ స్పిట్‌ఫైర్‌కూ ముందు చక్రం నిలబడేది ట్రనియన్ అనే కంచు ముక్క మీద. ఉక్కు కడ్డీ కింది కొసకు మరలు ఉంటాయి, ఆ మరలు కంచులో తిరుగుతూ చక్రం మళ్లుతుంది. ఆ మరలకు గ్రీజు చాలదు. గ్రీజు గట్టిపడి లోపలికి పోదు, నీరు చేరి ఉక్కు తుప్పు పట్టి ఒకనాడు పుటుక్కున విరుగుతుంది, చక్రం పక్కకు ఒరిగిపోతుంది. అక్కడ పోయవలసింది 90 నంబరు గేరు నూనె. చాలా షెడ్లలో నిపిల్ కనబడగానే గ్రీజు గన్ పెడతారు. పక్కనే నిలబడి, నూనె పైనుంచి కారి బయటికి వచ్చేదాకా కొట్టించుకోవాలి.